తాతగారి కరణం కాగితాలను పాత కాగితాల బండికి వేయకండి

"మా తాతగారు 1984 దాకా కరణం. ఇల్లు పడగొట్టి కడుతున్నాం, ఆయన కాగితాలు పెట్టె నిండా ఉన్నాయి. ఇప్పుడు వాటికి విలువ ఏమైనా ఉందా, తీసేయవచ్చా?" అని అడిగారు. తీసేయకండి. ఇల్లు కట్టేదాకా బంధువుల ఇంట్లోనైనా పెట్టండి. ఇంకొక మాట: సర్దే పని ఇప్పుడు పెట్టుకోకండి. ఏ కాగితం ఏ కట్టలో ఉందో, ఏ పుస్తకంలో ఏ చీటీ మడిచి పెట్టి ఉందో, ఆ అమరిక కూడా సమాచారమే. ఉన్నది ఉన్నట్టు ఫోనుతో ఫోటోలు తీసిన తర్వాతే ఏ ముడి అయినా విప్పండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా ఇల్లే. మా తాతగారిది పొదిలి, దర్శి వైపు ఒక మెట్ట ఊరు. ఆయన 1946లో కరణీకంలోకి, అంటే ఊరి భూమి లెక్కలు రాసే కొలువులోకి, వచ్చేనాటికి మా ఊరు వెంకటగిరి జమీందారీలో ఉండేది. మద్రాసు ప్రభుత్వం 1948లో ఎస్టేటుల రద్దు చట్టం తెచ్చింది. జమీందారు పోయి సర్కారు వచ్చింది, సెటిల్మెంటు సర్వే మొదలైంది. గొలుసు పట్టుకుని చేలగట్ల వెంట సర్వేయర్లతో తిరిగిన రోజులను తాతగారు చివరిదాకా చెప్పేవారు. 66 అడుగుల గొలుసు, అందులో 100 లింకులు, 10 చదరపు గొలుసులైతే ఎకరం. ఈ లెక్క ఆయన మాకు ఎక్కాలతో పాటు నేర్పారు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, అంతదాకా నెల్లూరు జిల్లాలో ఉన్న మా ఊరు అందులోకి వచ్చింది. 1984 జనవరి 6న ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. 38 ఏళ్ళ ఉద్యోగం అలా ఒక్క సాయంత్రంలో ముగిసింది. అప్పుడు నడుస్తున్నది ఫసలీ 1393 (ఫసలీ అంటే భూమి లెక్కలకు వాడే సంవత్సరం). ఆ ఏటి అడంగల్‌లో, అంటే ఏ చేలో ఏ పంట వేశారో రాసే పుస్తకంలో, తొలికారు పంటల గడులు నిండి ఉన్నాయి, రబీ గడులు సగం ఖాళీ.

రద్దు తప్పని నేను అనను. వంశపారంపర్యంగా ఒక కుటుంబం చేతిలో ఊరి భూమి లెక్కంతా ఉండటం అన్యాయమే. గుంటూరు జిల్లా పేరవలిపాలెం మునసబు పదవి వివాదంలో, కుటుంబ వారసత్వాన్ని బట్టి గ్రామోద్యోగం ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 1960ల మొదట్లోనే తేల్చింది. ఆ తర్వాత కూడా ఇరవై ఏళ్ళకు పైగా పాత పద్ధతి నీడ వదలలేదు. కలం ఒకరి చేతిలో, నేల ఇంకొకరి కాళ్ళ కింద ఉంటే ఏం జరుగుతుందో మన పల్లెలకు తెలుసు. నా కోపం రద్దు మీద కాదు, రద్దు చేసిన తీరు మీద. పదవిని తీసేసినవాళ్ళు ఆ పదవి పోగుచేసిన జ్ఞాపకాన్ని ఎక్కడ దాచాలో ఆలోచించలేదు. జాబితాలో ఉన్న రిజిస్టర్లు అప్పగించమన్నారు. జాబితాలో లేనిదంతా ఏమైపోయినా పట్టించుకోలేదు.

జాబితాలో లేనిదే అసలు సంపద. కరణం కాగితాలు రెండు రకాలు. అడంగల్, పట్టాదారుల లెక్క, శిస్తు వసూలు లెక్క, జమాబందికి పట్టుకెళ్ళే పుస్తకాలు సర్కారువి. వాటిని ఎలా రాయాలో పైనుంచి నమూనా వచ్చేది, ఏటా జమాబందిలో పై అధికారి చూసి సంతకం పెట్టేవాడు. రెండో రకం చిత్తు పుస్తకాలు. అవి కరణం తన కోసం రాసుకున్నవి. పొలం మీదికి వెళ్ళినప్పుడు ఏం చూశాడో, ఎవరు ఏం చెప్పారో, ఏ దరఖాస్తు ఏ తేదీన తాలూకా కచేరీకి వెళ్ళిందో వాటిలో ఉంటుంది. సర్కారు లెక్కలో "సజ్జ, 2 ఎకరాలు" అని ఒక్క ముక్క ఉంటే, చిత్తులో "సజ్జ వేశాడు, పక్షులు తిన్నాయి, మళ్ళీ వరిగ చల్లాడు, వరిగ కూడా అంతంతమాత్రం" అని ఉంటుంది. ఊరి చరిత్ర రాయడానికి శాసనాలకంటే కరణం చిత్తు పుస్తకమే ఎక్కువ పనికొస్తుందని నా గట్టి నమ్మకం. మన ఊళ్ళ చరిత్ర పేరుతో అచ్చయ్యే పుస్తకాలు తెరవండి. ఏ రాజు ఏ గుడికి ఎన్ని పుట్ల భూమి ఇచ్చాడో ఉంటుంది. ఆ భూమిని దున్నినవాడు ఏ ఏడు ఏం తిన్నాడో ఉండదు. రాసేవారికి శ్రద్ధ లేక కాదు, ఆ సమాచారమున్న కట్టలు చెదలకు, పొయ్యికి, తూకానికి పోయాయి కాబట్టి.

మా తాతగారి చిత్తుల్లో సాగర్ కాలువ వచ్చిన కథంతా ఉంది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారని అందరికీ తెలుసు. దర్శి బ్రాంచి తవ్వకంలో మా ఊళ్ళో ఎవరి చెలక ఎన్ని సెంట్లు పోయిందో, ఏ బావి కట్టకింద పడిందో, నష్టపరిహారం కాగితం మీద ఎవరు వేలిముద్ర వేశారో, ఎవరు వేయనన్నారో ఆ పుస్తకాల్లోనే ఉంది. ఆరిక, వరిగ అన్న మెట్ట పంటల పేర్లు ఏటికేడు ఎలా తగ్గిపోయాయో, వరి అన్న మాట మొదటిసారి ఏ సర్వే నంబరు ఎదుట కనిపించిందో వేలు పెట్టి చూపించవచ్చు.

ఇప్పుడు అసలు చెప్పవలసిన సంగతికి వస్తాను. తాతగారు పోయిన చాలా ఏళ్ళకు ఒక వేసవిలో ఊరికి దక్షిణాన ఉన్న దళితవాడ నుంచి ఒక పెద్దావిడ మనుమడిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. నేను సెలవుల్లో అక్కడే ఉన్నాను. ఆమె అరుగు దగ్గరే నిలబడితే మా అమ్మ లోపలికి పిలిచి కుర్చీ వేసింది. "పెద్దకరణం గారు మా ఆయన చేత కాగితం మీద వేలిముద్ర వేయించారయ్యా, వాగు పక్క చేను మాకు రాసిచ్చారు. పట్టా కాగితం గుడిసె కాలినప్పుడు పోయింది. ఇప్పుడు ఆ చేను మాది కాదంటున్నారు" అంది. ఆమె భర్తకు సర్కారు బంజరు నుంచి ఎకరా తొంభై సెంట్లు ఇచ్చారు. ఆరోజుల్లో భూమిలేని పేదలకు మెట్ట అయితే 5 ఎకరాలు, మాగాణి అయితే రెండున్నర ఎకరాలు మించకుండా ఇచ్చేవారు. ఆ భూమిని అమ్మడానికి, కొనడానికి వీల్లేదని 1977లో చట్టం కూడా వచ్చింది. చేను ఆమె కుటుంబమే దున్నుతోంది. పాస్ పుస్తకం కోసం వెళితే, ఆ ఏటి అసైన్‌మెంట్ రిజిస్టరులో ఆ పుట లేదు. కంప్యూటర్‌లో ఆ సర్వే నంబరు ఎదుట "ప్రభుత్వ భూమి" అని ఉంది. పక్క చేను ఆసామి అప్పటికే గట్టు జరపడం మొదలుపెట్టాడు.

మా నాన్నగారు భోషాణంలోంచి ఎర్రగుడ్డ మూటలు తీశారు. ఆమెకు ఏడాది గుర్తులేదు. "పెద్దోడు పుట్టిన ఏడు, కాలువ పనికి పోతున్నాం" అంది. పెద్ద కొడుకు బడి సర్టిఫికెట్టులో పుట్టిన తేదీ ఉందేమోనని మనుమడు ఇంటికి పరుగెత్తాడు. దాన్నిబట్టి ఫసలీ 1383 దగ్గర వెతకాలని తేలింది. ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది, జూలై ఒకటో తేదీన మొదలవుతుంది. అంటే 1973 జూలై నుంచి 1974 జూన్ దాకా. ఆ ఏటి చిత్తు పుస్తకం దొరికింది. కానీ చదవడం అందరివల్లా కాదు. కరణాల రాత గొలుసుకట్టు. కలం ఎత్తకుండా అక్షరం వెంట అక్షరం లాగుతూ పోతారు, తలకట్టూ కొమ్మూ కలిసిపోతాయి. మా తరంలో ఎవరికీ రాదు. నాన్నగారికి తాతగారి పక్కన కూర్చుని లెక్కలు ఎత్తి రాసిన అలవాటు ఉంది కాబట్టి చదివారు.

ఆమె భర్త పేరు, అతని తండ్రి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, తర్వాత హద్దులు. తూర్పున ఫలానావారి చేను, దక్షిణాన డొంక, పడమర వాగు పోరంబోకు. నాన్నగారు ఉత్తరం హద్దు చదవబోతుంటే ఆమె ఆపి, "ఉత్తరాన జంట తుమ్మలు ఉండాలి, చూడండయ్యా" అంది. "జంట తుమ్మచెట్ల గట్టు" అనే రాసి ఉంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మనుమడు పుస్తకం దగ్గరికి వచ్చి తాత పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, ఆ గొలుసుకట్టు గీత మీద వేలు ఆనించి చాలాసేపు చూశాడు. వాళ్ళింట్లో ఆ మనిషి ఫోటో ఒక్కటి కూడా లేదట.

ఆ చిత్తు పుస్తకం పట్టా కాదు. దాన్ని చూపించి పాస్ పుస్తకం ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. కానీ ఆ పద్దు పక్కనే అంచున తాతగారు దరఖాస్తు ఫైలు నంబరు, అది తాలూకా కచేరీకి వెళ్ళిన తేదీ రాసుకున్నారు. దారి చూపింది ఆ అంచున ఉన్న నంబరే. 1985లో తాలూకాలను విడగొట్టి మండలాలు చేసినప్పుడు పాత ఫైళ్ళు పంచారు. ఆ పంపకంలో ఏ కట్ట ఎటు పోయిందో చెప్పేవారు లేరు. నంబరు, తేదీ చేతిలో ఉన్నాయి కాబట్టి సమాచార హక్కు చట్టం కింద అడిగితే వెతికారు. ఫైలు మా మండలంలో లేదు, పక్క మండలం రికార్డు గదిలో ఉంది. అందులో ఆమె భర్త వేలిముద్ర, తహసీల్దారు ఉత్తరువు, గీసిన పటం అన్నీ ఉన్నాయి. ఆ నకలు మీదే ఆమె పేరున పాస్ పుస్తకం వచ్చింది.

ఆ సంఘటన నాకు సంతోషంతో పాటు బాధ కూడా మిగిల్చింది. ఎన్నో ఏళ్ళ క్రితం రద్దయిన పదవి, ఆ పదవి చేసిన మనిషి లేడు, అయినా ఒక పేదరాలు తన భూమి కోసం మళ్ళీ కరణం గుమ్మం ఎక్కవలసి వచ్చింది. మా నాన్నగారు మంచివారు కాబట్టి మూట విప్పారు. విప్పని ఇళ్ళు ఎన్ని ఉన్నాయో! "మా దగ్గరేం లేవు" అని తలుపు వేసేవారు ఉన్నారు, కాగితం చూపించడానికి డబ్బు అడిగేవారు ఉన్నారు. అందుకే ఈ కాగితాలు మన ఇంటి ఆస్తి అనుకోవద్దని అంటాను. రాసింది మన తాతలే, కానీ అందులో ఉన్నది ఊరి బతుకు. మన దయతో పని లేకుండా ఊరివాళ్ళు చూసుకోగలిగే చోట వాటి నకలు ఉండాలి.

కరణం కాగితాలకు విలువ ఉందా అని సందేహపడేవారికి కైఫీయతులనే ఊరి చరిత్రల సంగతి చెప్పాలి. రెండు వందల ఏళ్ళ క్రితం కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల వంటి తెలుగువారిని ఊళ్ళకు పంపి స్థానిక చరిత్రలు సేకరింపజేశాడు. వారికి సమాచారం ఎక్కడ దొరికింది? కరణాల దగ్గర తాటాకుల మీద ఉన్న దండకవిలెలనే ఊరి లెక్కల కట్టల్లో. చెరువు ఎవరు తవ్వించారు, ఊరు ఎప్పుడు పాడుపడింది, మళ్ళీ ఎవరు కట్టారు, పన్ను ఎంత ఉండేది, అంతా అక్కడిదే. ఆ రాతలు శిథిలమవుతుంటే సి.పి. బ్రౌను వాటికి నకళ్ళు రాయించాడు. మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో అవి నిలిచాయి కాబట్టే ఈనాడు గుంటూరు కైఫీయతులు, కడప కైఫీయతులు మనం అచ్చు పుస్తకాలుగా చదువుకుంటున్నాం. పరాయి కంపెనీ కొలువులోని ఒక సర్వేయరుకు తట్టిన ఆలోచన 1984లో మన సచివాలయంలో ఎవరికీ తట్టలేదు! అప్పటికి వేల ఊళ్ళ కరణాలు ఇంకా బతికే ఉన్నారు, వారి జ్ఞాపకం బాగానే ఉండేది. ఒక్కొక్కరి దగ్గర కూర్చుని చిత్తు పుస్తకాలు తీసుకుని, చదివించుకుని, జిల్లాకొక భాండాగారంలో పెట్టి ఉంటే, చుక్కల భూముల గొడవ సగం ఉండేది కాదని నా అభిప్రాయం. రీసెటిల్మెంటు రిజిస్టరులో పట్టాదారు పేరు రాయవలసిన చోట చుక్కలు పెట్టి వదిలిన భూముల కోసం 2017లో ప్రత్యేకంగా చట్టమే చేయవలసి వచ్చింది. ఆ చుక్కల వెనుక ఎవరు దున్నుతున్నారో ఆ ఊరి కరణానికి తెలుసు. ఎక్కడో ఒక చోట రాసుకునే ఉంటాడు.

మీ పెట్టె విషయానికి వస్తే, నాకు తెలిసినంతలో జాగ్రత్తలు చెబుతాను. సర్కారు రిజిస్టర్లు ఏమైనా పొరపాటున ఇంట్లో ఉండిపోయి ఉంటే అవి ప్రభుత్వానివే. ప్రతి పుట ఫోటో తీసుకుని, తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి, పుటల సంఖ్యతో సహా రశీదు తీసుకోండి. రాయని పాత స్టాంపు కాగితాలు, కరణం ముద్ర కనిపిస్తే వాటిని మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టవద్దు. పాత కాగితాలు కొంటామంటూ వచ్చేవారిలో చరిత్ర మీద ప్రేమతో వచ్చేవారు తక్కువ. వెనకటి తేదీతో దొంగ క్రయ దస్తావేజులు పుట్టించడానికి ఆ కాగితాలు కావాలి. ఖాళీ స్టాంపు కాగితాల మీద అడ్డంగా గీత కొట్టి, ఫోటో తీసి పెట్టుకోండి.

లామినేషన్ చేయించవద్దు, చిరిగిన చోట టేపు అంటించవద్దు. టేపు జిగురు కొన్నేళ్ళకు సిరాను తినేస్తుంది. మెత్తని నూలు గుడ్డలో చుట్టి, నేలకు, గోడకు తగలకుండా బీరువాలో పెట్టండి. గొలుసుకట్టు చదవగలిగే పెద్దవారు మీ బంధువుల్లో ఎవరైనా ఉంటే ఈ వారమే వెళ్ళండి. వారు చదువుతుంటే ఫోనులో రికార్డు చేయండి. కాగితాన్ని తర్వాతైనా కాపాడుకోవచ్చు, ఆ రాత చదివే కళ్ళు మాత్రం ఏటికేడు తగ్గిపోతున్నాయి. పాత పుస్తకాల్లో వీసం, పరక వంటి భిన్నాలు ఉంటాయి. వీసం అంటే పదహారో వంతు. అవి ఇప్పటి పిల్లలకు ఎవరో ఒకరు చెప్పి తీరాలి.

కోర్టు విలువ గురించి కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. 30 ఏళ్ళు దాటిన పత్రం, ఉండవలసిన చోట భద్రంగా ఉండి వస్తే, అందులోని చేవ్రాత, సంతకం ఆ మనిషివేనని కోర్టు అనుకోవచ్చు. పాత సాక్ష్య చట్టంలో ఉన్న ఈ నియమం కొత్త చట్టంలోనూ ఉంది. అందులో రాసినదంతా నిజమని దానర్థం కాదు. ఉండవలసిన చోటు అన్నది మాత్రం గమనించండి. కరణం కాగితాలు కరణం ఇంట్లోంచి రావడం వేరు, సంతలో కొన్నవాడి దగ్గర్నుంచి రావడం వేరు. కట్టలు విడగొట్టి అన్నదమ్ములు తలా కొన్ని పంచుకుంటే ఆ బలం పోతుంది. మా పెదనాన్న పిల్లలు "మా వాటా పుస్తకాలు మాకివ్వండి" అన్నప్పుడు నాన్నగారు అందుకే ఒప్పుకోలేదు. అందరికీ ఫోటోలు ఇచ్చి, మూలం మాత్రం ఒకే చోట ఉంచారు.

మేం చేసింది ఇది: చిత్తు పుస్తకాలన్నీ పుట తర్వాత పుట ఫోటో తీశాం. ఏ ఫసలీ ఏ పుస్తకంలో ఉందో, ఏ సర్వే నంబర్లు ఏ పుటల్లో వస్తాయో తేట తెలుగులో సూచిక రాశాం. అప్పుల గొడవలు, ఇంటి తగాదాలు, ఒకరి పరువుకు సంబంధించిన మాటలు ఉన్న పుటలు పక్కన పెట్టాం, ఎందుకంటే ఆ కుటుంబాలు ఇంకా ఊళ్ళోనే ఉన్నాయి. మిగిలినదంతా అచ్చు తీయించి బైండు చేయించి ఊరి గ్రంథాలయంలో పెట్టాం. తాటాకు కట్టలు ఉంటే మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దు. ప్రాచ్యలిఖిత గ్రంథాలయం వారికి చూపించండి, వాటిని శుభ్రం చేసే పద్ధతి వారికి తెలుసు.

మీ ఊరు మొదటినుంచి రైతువారీ (రైతులు సర్కారుకే నేరుగా శిస్తు కట్టే) గ్రామమా, జమీందారీయా, ఇనాం (శిస్తు మాఫీ చేసి లేదా తగ్గించి ఇచ్చిన) గ్రామమా అన్నది మీరు రాయలేదు. దాన్నిబట్టి పెట్టెలో ఉండే కాగితాలు మారిపోతాయి. జమీందారీ ఊరైతే సెటిల్మెంటు ఫెయిర్ అడంగల్ (జమీందారీ రద్దయ్యాక సర్వే చేసి రాసిన భూమి రిజిస్టరు) నకలు కోసం ముందు చూడండి. ఇనాం అయితే 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టరు నకళ్ళు ఉండే అవకాశం ఉంది. జిల్లా మారిన ఊరైతే పాత ఫైళ్ళ కోసం పాత జిల్లా కలెక్టరేటు రికార్డు గదిలో కూడా అడగాలి. మా ఊరి 1950ల కాగితాల కోసం మేం నెల్లూరు వెళ్ళవలసి వచ్చింది. ఈ మూడింటిలో ఏదో, ఇప్పటి మండలం ఏదో రాయండి. కట్టల మీద ఉన్న పేర్లు చదవలేకపోతే ఫోటోలు పెట్టండి. నాన్నగారికి చూపించి ఏది ఏమిటో చెబుతాను.